కొయ్యగరిటెయు, న్యాయస్థానముల తీర్పులును

ఉదయగిరి అనగానే చరిత్ర చదివిన వారికి దుర్గము జ్ఞప్తికి వచ్చును. గజపతుల వశములో నుండిన ఆ గిరిదుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1514లో జయించెను. కాని నేడు పట్టణములలో హస్తకళల అంగళ్ళకు పోవు గృహిణులకు ఉదయగిరి అనిన కొయ్యగరిటెయే. చుట్టుపట్టు కొండలలో దొరకు నర్ది, బిక్కి, దేవదారి వంటి కొయ్యలను తెచ్చి, చెక్కి, నునుపు చేసి, పిడులపై లతలను పువ్వులను తీర్చి, చెంచాలు, గరిటెలు తయారుచేయుట అక్కడి కొన్ని కుటుంబములకు జీవనాధారము. ఆ వస్తువులకు భౌగోళిక సూచికల చట్టము క్రింద నమోదు కూడ జరిగినది.

ఇట్టి నమోదు జరిగినపుడెల్ల "ఫలానా వస్తువునకు పేటెంటు వచ్చినది" అను మాట పత్రికలలోను, సంభాషణలలోను వినవచ్చుచుండును. ఈ మాట పొరపాటు. పొరపాటు మాటలో మాత్రమే యున్న మనకు చింత లేదు. కాని దానిని నమ్మి, లేని హక్కు ఉన్నదని ధీమాగా కూర్చుండి, ఉన్న హక్కును కాలదోషము పట్టనిచ్చు ప్రమాదమున్నది. కంపెనీల వ్యాజ్యములు, పేటెంటుల తగాదాలు ముంబాయి, ఢిల్లీ నగరములలోని ధనికుల వ్యవహారములని మన యభిప్రాయము. ఆ తీర్పులలో చెప్పబడిన సూత్రములు ఉదయగిరి వీధిలో ఉలి పట్టిన వారికిని వర్తించును. కావున గడచిన కొన్ని యేండ్లలో వెలువడిన తీర్పులను కొన్నిటిని ఈ కొయ్యగరిటెను చేతబట్టుకొనియే పరిశీలింతము.

ముందు పేటెంటు సంగతి. పేటెంటు అనునది ప్రభుత్వమునకును, నూతన కల్పన చేసిన వానికిని జరుగు ఒక బేరము. తాను కనిపెట్టిన రహస్యమును అతడు లోకమునకు పూర్తిగా తెలుపవలెను. అందులకు బదులుగా 20 సంవత్సరముల పాటు దానిని ఇతరులు వాడకుండ అడ్డుకొను హక్కు అతనికి లభించును. ఇచ్చుటకు కొత్తది యేదియు లేనివాడు పుచ్చుకొనుటకును అర్హుడు కాడు.

ఈ విషయమున మన సుప్రీము కోర్టు చెప్పిన మూలసూత్రము విచిత్రముగా పాత్రలకు మెరుగు పెట్టు పనివాండ్ర వ్యాజ్యములోనే పుట్టినది. మీర్జాపూరు పట్టణమున లోహపాత్రలను లేతుపై, అనగా మన వడ్రంగుల మాటలో తరిమెనపై, త్రిప్పుచు చెక్కి నునుపు చేయుదురు. పూర్వము పాత్రను అంటుడు పదార్థముతో తరిమెన మొగమునకు అంటించెడివారు. వేగముగా తిరుగునపుడు పాత్ర ఊడి, యెగిరి, పనివానిని గాయపరచుట కలదు. హిందూస్థాన్ మెటల్ ఇండస్ట్రీసు అను సంస్థవారు పాత్రను రెండవ వైపు నుండి కూడ ఒక మొనతో ఒత్తి పట్టు సాధనమును రూపొందించి 1951లో పేటెంటు పొందిరి. అదే పట్టణములోని బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం సంస్థ వారు అటువంటి సాధనమునే వాడుచుండగా వ్యాజ్యము తెచ్చిరి. ఆ వ్యాజ్యము అలహాబాదు ఉన్నత న్యాయస్థానములో ఒక న్యాయమూర్తి యెదుట ఒక విధముగను, ధర్మాసనము నెదుట మరియొక విధముగను తీర్మానమై, తుదకు 1978 డిసెంబరు 13న సుప్రీము కోర్టులో ముగిసినది. అప్పటికి ఆ పేటెంటు కాలపరిమితియే తీరిపోయినది! మన వ్యాజ్యముల వేగము అట్టిది.

సుప్రీము కోర్టు ఆ పేటెంటును చెల్లదనినది. రెండవ వైపు నుండి ఒత్తిపట్టు మొన లేతు యంత్రములో అంతకుముందే తెలిసిన భాగము. దానిని ఈ పనికి వాడుట పనిలో నేర్పరియైన వానికి సహజముగా తోచు చిన్న సవరణయే గాని కల్పన కాదు. వస్తువు కొత్తదైనంత మాత్రమున చాలదు. ఉపయోగకరమైనంత మాత్రమునను చాలదు. ఆ వృత్తి యెరిగిన సామాన్యుడైన పనివానికి తోచనిదై కూడ యుండవలెను. పేటెంటు కార్యాలయము ముద్ర వేసినంతనే ఆ పేటెంటు చెల్లుబాటునకు హామీ లభించినట్లు కాదని కూడ న్యాయమూర్తులు స్పష్టపరచిరి. గట్టి హక్కును కోరువాడు గట్టి కారణము చూపవలెనన్నమాట.

ఈ సూత్రము చేత ఎంత పని జరుగునో చూచుటకు దూరము పోనక్కరలేదు. హైదరాబాదులోని నాట్కో ఫార్మా సంస్థ వ్యాజ్యములే చాలును. కాలేయమునకు, మూత్రపిండములకు వచ్చు పుట్టకురుపు వ్యాధికి బేయర్ సంస్థవారి సొరాఫెనిబ్ అను మందు నెలకు 2,80,428 రూపాయలకు అమ్మబడుచుండెను. ఆ వ్యాజ్యములో పేటెంటు చెల్లునా చెల్లదా అన్న ప్రశ్న రాలేదు. చెల్లునని యొప్పుకొనియే, ప్రజలకు అందుబాటులో లేదు గనుక మరియొకరు చేయవచ్చునని 2012 మార్చి 9న పేటెంటుల అధికారి నాట్కోకు నిర్బంధ అనుమతి నిచ్చెను. నెలసరి మందు వెల 8,880 రూపాయలకు మించరాదు. అమ్మకముపై బేయరుకు నూటికి 6 వంతున చెల్లింపవలెను. దీనిని తరువాత అప్పీలు మండలి 7గా పెంచినది. 2014లో ముంబాయి ఉన్నత న్యాయస్థానము ఆ యుత్తరువును నిలుపగా, సుప్రీము కోర్టు అదే యేట జోక్యము చేసికొన నిరాకరించినది.

ఇంతకంటె మీర్జాపూరు సూత్రమునకు దగ్గరైన వ్యాజ్యము 2025లో జరిగినది. వెన్నుపాములోని నరకణములు క్షీణించి పసిబిడ్డల కండరములు చచ్చుబడు వ్యాధి ఒకటి కలదు. దానికి రోష్ సంస్థవారి రిస్డిప్లామ్ అను మందున్నది. సీసా వెల ఆరు లక్షల రూపాయల ప్రాంతమున నుండెను. నాట్కో దానిని 15,900 రూపాయలకు అమ్మ సంకల్పించినది. రోష్ సంస్థకు రెండు పేటెంటులు. మొదటిది ఒక రసాయన కుటుంబమునకంతకును. రెండవది ఆ కుటుంబమునకు మిక్కిలి దగ్గరి యొక్క రసాయనమునకు. మొదటి దానిని తామే రచించి యెరిగిన వారికి, అందలి ఒక చిన్న మార్పుతో రెండవది తోచకుండునా అన్నది ప్రశ్న. ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము మార్చి 24న తాత్కాలిక నిషేధాజ్ఞ నిచ్చుటకు నిరాకరించినది. అక్టోబరు 9న ధర్మాసనము దానిని సమర్థించినది. అక్టోబరు 17న సుప్రీము కోర్టు జోక్యము చేసికొనలేదు. ఇది తుది తీర్పు కాదనియు, విచారణ నడచునంతవరకు నాట్కోను ఆపరాదని మాత్రమే న్యాయస్థానములు చెప్పినవనియు పాఠకులు గమనింపగలరు. అయినను ఆ వ్యాధిగల బిడ్డల తలిదండ్రులకు ఈ "మాత్రమే" యన్నది చిన్నమాట కాదు.

ఇక గరిటెకు వత్తము. కొయ్యతో చెంచా చేయుట, పిడిపై లత చెక్కుట ఇవి అందరెరిగిన విద్యలు. మన పేటెంటు చట్టము సంప్రదాయముగా వచ్చు జ్ఞానమునకు పేటెంటు ఇవ్వరాదని స్పష్టముగా నిషేధించినది. కావున ఉదయగిరి వారికి గరిటెపై పేటెంటు రాదు. దీనిని విని నిరాశ చెందనక్కరలేదు. వారికి రానిది మరియెవరికిని రాదు. అమెరికాలో 1995లో పసుపుతో గాయములు మాన్పుటకు ఒక విశ్వవిద్యాలయమునకు పేటెంటు రాగా, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథములను సాక్ష్యముగా చూపి 1997లో దానిని రద్దు చేయించిన సంగతి పాఠకులకు తెలిసినదే. రేపొక కంపెనీ గరిటెలు చెక్కు యంత్రమును కనిపెట్టి పేటెంటు పొందవచ్చును. అది ఆ యంత్రమునకే పరిమితము. తాతలనాటి ఉలిని అది ఆపజాలదు.

అయితే ఒక కళాకారుడు ఇంతవరకు లేని ఆకృతితో ఒక గరిటెను రూపొందించినాడనుకొందము. దానికి 2000 సంవత్సరపు డిజైనుల చట్టము క్రింద నమోదు దొరకును. పదియేండ్లు, ఆపై మరి యైదేండ్లు రక్షణ. కాని ఆ రూపమును ప్రదర్శనలో పెట్టకముందే, బొమ్మ తీసి నలుగురికి పంపకముందే దరఖాస్తు చేయవలెను. మన కళాకారులు చేయునది సరిగా దీనికి విరుద్ధము. కొత్త నమూనా తయారు కాగానే మొదట కొనుగోలుదారునకు ఫోటో పంపుదురు. ఆరు నెలలకు అదే రూపము మరియొక ఊరి యంత్రములో అచ్చుపోసినట్లు దిగును. అప్పుడు పోయిన కొత్తదనమును తిరిగి తెచ్చుటకు ఏ న్యాయవాదికిని శక్తి చాలదు. చిత్రకారుని హక్కు యెచ్చట ముగియును, డిజైను హక్కు యెచ్చట మొదలగును అన్న చిక్కు ప్రశ్నపై 2025 ఏప్రిలు 15న క్రయోగ్యాస్, ఐనాక్స్ సంస్థల వ్యాజ్యములో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. అది ద్రవవాయువును మోయు బండ్ల నమూనాలకు సంబంధించినది కావున వివరములలోనికి పోము.

గరిటెకు నిజముగా ఉన్న హక్కు పేరు. 1999లో శాసనమై, 2003 సెప్టెంబరు 15న అమలులోనికి వచ్చిన భౌగోళిక సూచికల చట్టము ఆ పేరును కాపాడును. ఆ చట్టము క్రింద మొదట నమోదైనది డార్జిలింగు తేయాకు. ఒక ప్రదేశపు నేల, నీరు, కొయ్య, చేతివాటము వీనివలన వస్తువునకు వచ్చిన ప్రఖ్యాతి ఆ ప్రదేశములో దానిని చేయువారందరి ఉమ్మడి ఆస్తి. దానిని అమ్ముకొనుటకు గాని, ఇతరులకు అద్దెకిచ్చుటకు గాని వీలులేదు. పేటెంటువలె 20 ఏండ్లకు అంతరించునది కాదు; పదియేండ్లకొకసారి పునరుద్ధరించుకొనుచు పోవచ్చును.

ఇంత మంచి హక్కునకు హద్దులెక్కడ? డార్జిలింగు వారే ఆ హద్దులను తెలిసికొనిరి. కలకత్తాలోని ఒక పెద్ద హోటలులో ఐ.టి.సి. సంస్థవారు అతిథుల విశ్రాంతి మందిరమునకు "డార్జిలింగ్ లౌంజ్" అని పేరు పెట్టిరి. టీ బోర్డువారు ఇది తమ సూచికకు భంగమని వ్యాజ్యము వేసిరి. కలకత్తా ఉన్నత న్యాయస్థానము 2019 ఫిబ్రవరి 4న ఆ వ్యాజ్యమును కొట్టివేసినది. సూచిక హక్కు సరకునకే గాని విశ్రాంతి మందిరము వంటి సేవలకు వర్తింపదనిరి. అంతేగాక ఆ పేరు వాడుకలో నున్నదని తెలిసిన ఐదేండ్లలోపల వ్యాజ్యము తేవలసియుండగా టీ బోర్డువారు ఆలసించిరని కూడ చెప్పిరి. దీనిని మన గరిటెకు అన్వయింతము. ఒక హోటలువారు భోజనశాలకు ఉదయగిరి అని పేరు పెట్టుకొనిన మనము చేయగలిగినది లేదు, సంతోషించి ఊరకుండవలెను. కాని యంత్రములో కోసిన నాసిరకపు చెంచాలను పెట్టెలలో నుంచి "ఉదయగిరి కొయ్య చెంచాలు" అని అమ్మినచో అది సరకు విషయము, అడ్డుకొనవచ్చును. తెలిసిన తరువాత ఐదేండ్లు నిదురించిన ఆ అవకాశము జారిపోవచ్చును.

అడ్డుకొనవలసిన వారెవరు? దీనికి కొల్హాపురి చెప్పుల వ్యాజ్యము సమాధానము. 2025లో ఇటలీ దేశపు ప్రాదా సంస్థ మిలాను నగర ప్రదర్శనలో కొల్హాపురి చెప్పులను పోలిన పాదరక్షలను చూపినది. దేశమంతట అలజడి రేగినది. కొందరు న్యాయవాదులు కళాకారుల పక్షమున ప్రజాహిత వ్యాజ్యము వేసిరి. ముంబాయి ఉన్నత న్యాయస్థానము 2025 జూలై 16న దానిని త్రోసిపుచ్చినది. సూచికకు నమోదైన యజమాన సంస్థలున్నవి. హక్కునకు భంగము కలిగినదని భావించిన వారే రావలెను గాని, సంబంధము లేని వారి సానుభూతి వ్యాజ్యమునకు ఆధారము కాదని దాని భావము. కఠినముగా తోచినను మాకిది న్యాయముగనే కనబడుచున్నది. పరుల దయపై నిలిచిన హక్కు ఎంతకాలము నిలుచును?

చట్టములో "అధీకృత వినియోగదారు" అను పదమొకటి కలదు. సూచిక ఊరికి వచ్చినంతనే ఊరిలోని ప్రతి పనివానికిని వ్యాజ్యము తెచ్చు అధికారము రాదు. ఆ వస్తువును చేయువాడు తన పేరును కూడ అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకొనవలెను. అప్పుడే భంగము కలిగినపుడు తానుగా న్యాయస్థానము మెట్లెక్కగలడు. సూచిక వచ్చినదని సన్మానసభలు జరుపు ఊళ్ళలో, ఆ రెండవ నమోదు ఎందరు చేయించుకొనిరని అడుగువారు అరుదు. ఉదయగిరిలో గరిటెలు చేయు ప్రతి స్త్రీ పురుషుడును ముందు విచారింపవలసిన సంగతి ఇదియే.

పేరు సంగతి యిట్లుండగా, మా దృష్టిలో ఇంతకంటె ముఖ్యమైనది సొమ్ము సంగతి. హస్తకళాకారుని నష్టపరచునది నకలు సరకు కంటె, అమ్మిన సరకునకు రాని డబ్బు. చెన్నపట్నపు వర్తకుడొకడు ఉదయగిరి కళాకారిణి యొద్ద 60,000 రూపాయల సరకు తీసికొనినాడనుకొందము. "అమ్ముడుపోగానే పంపెదను" అనును. పండుగ పోవును, సంవత్సరము పోవును. ఈ కథ ఎరుగని చేతిపనివాడు లేడు.

ఇందుకు 2006 సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరగతి పరిశ్రమల చట్టములో గట్టి యేర్పాటున్నది. సూక్ష్మ లేక చిన్న పరిశ్రమనుండి సరకు తీసికొనిన వాడు ఒడంబడికలో వ్రాసికొనిన గడువులోపల డబ్బు చెల్లింపవలెను. ఆ గడువు ఎంత యని వ్రాసికొనినను 45 దినములు మించరాదు. మించిన, రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్లు వడ్డీ, అదియు నెలనెలకు చక్రవడ్డీగా. బ్యాంకు రేటు నూటికి 6 అనుకొనిన వడ్డీ నూటికి 18 అగును. ఆ లెక్కన పైని చెప్పిన 60,000 రూపాయలు పండ్రెండు నెలలు తిరుగునప్పటికి 71,700 దాటును. వర్తకుడు ఒడంబడికలో "వడ్డీ లేదు" అని వ్రాయించుకొనినను చట్టమే పైచేయి.

ఫిర్యాదు విని తీర్చుటకు ప్రతి రాష్ట్రములోను ఒక సహాయక మండలి కలదు. ఇందలి గొప్ప మేలు, ఫిర్యాదు చేయువాడు కొనుగోలుదారుని ఊరికి పరుగెత్తనక్కరలేదు. సరకు అమ్మినవాని ప్రాంతపు మండలికే, కొనినవాడు దేశములో ఎక్కడ నున్నను, విచారణాధికారము కలదు. మండలి మొదట రాజీకి ప్రయత్నించును. అది కుదరనిచో మధ్యవర్తిత్వమునకు పోవును. కొనుగోలుదారులు దీనినుండి తప్పించుకొనుటకు "మా ఒడంబడికలో తగవులన్నియు మా నగరములోని మధ్యవర్తియే తీర్చవలెనని యున్నది" అని వాదించెడివారు. 2022 అక్టోబరు 31న గుజరాతు పౌరసరఫరాల సంస్థకును మహాకాళీ ఫుడ్స్ సంస్థకును జరిగిన వ్యాజ్యములో సుప్రీము కోర్టు ఆ వాదమును తోసివేసి, ప్రత్యేక చట్టము ముందర ఒడంబడికలోని ఆ నిబంధన నిలువదనినది.

మండలి తీర్పును సవాలు చేయదలచిన కొనుగోలుదారుడు ముందుగా తీర్పు సొమ్ములో నూటికి 75 వంతులు న్యాయస్థానములో కట్టవలెను. ఈ కట్టుబాటును దాటిపోవుటకు కొందరు సరాసరి ఉన్నత న్యాయస్థానములో రిట్టు వేయుచుండిరి. తెలంగాణములోని మేడ్చల్-మల్కాజిగిరి మండలికి సంబంధించిన ఇండియా గ్లైకాల్సు వ్యాజ్యములో సుప్రీము కోర్టు 2023 నవంబరు 6న, చట్టము చూపిన దారి ఉండగా రిట్టు దారిన వచ్చి ఆ 75 వంతులను తప్పించుకొన వీలులేదనినది. అయితే 2025 జనవరి 22న తమిళనాడు సిమెంట్సు వ్యాజ్యములో ఇట్టి రిట్టులు అసలు ఎప్పుడును చెల్లవా, కొన్ని సందర్భములలో చెల్లునా యను ప్రశ్నను ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనమునకు నివేదించిరి. చట్టము నదివంటిది, ప్రవాహము ఒడ్డును కోయుచునే యుండును.

ఇంత మేలున్న చట్టములో కళాకారులను దెబ్బతీయునది ఒక్క తేదీ. సిల్పీ ఇండస్ట్రీసుకును కేరళ రోడ్డు రవాణా సంస్థకును జరిగిన వ్యాజ్యములో 2021 జూన్ 29న సుప్రీము కోర్టు ఒక మాట చెప్పినది. సరకు అమ్మిన తరువాత, తగవు పుట్టిన తరువాత పరిశ్రమగా నమోదు చేయించుకొని, వెనుకటి అమ్మకములకు ఈ చట్టపు లాభము కోరరాదు. నమోదు ముందునకే పనిచేయును గాని వెనుకకు పనిచేయదు. 2025 జనవరి 10న ఎన్.బి.సి.సి. వ్యాజ్యములో ఇద్దరు న్యాయమూర్తులు, మండలికి ఫిర్యాదు చేయుటకు ముందస్తు నమోదు తప్పనిసరియని చట్టము చెప్పలేదని అభిప్రాయపడి, ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనమునకు నివేదించిరి. పెద్దలు ఏమి తేల్చినను, కళాకారుడు ఆ సందేహమునకు తన సొమ్మును పణముగా ఒడ్డనేల? 2020 జూలై 1 నుండి అమలులో నున్న ఉద్యమ్ నమోదునకు రుసుము లేదు. పన్ను లెక్కలు లేని అతి చిన్నవారికి 2023లో సహాయక వేదిక యొకటి కూడ ఏర్పడినది. నేడు నమోదు చేసికొనిన వానికి రేపటి బిల్లు రక్షితము. నిన్నటి బిల్లు సందేహాస్పదము. ఇంకొక సంగతి. ఈ రక్షణ తయారుచేయువారికి ఉద్దేశింపబడినది. ఇతరులు చేసిన గరిటెలను కొని అమ్ము దళారి అదే ధీమాతో నుండరాదు.

పెద్ద మొత్తముల తగవులకు 2015లో వాణిజ్య న్యాయస్థానముల చట్టము వచ్చినది. మొదట కోటి రూపాయల విలువగల వ్యాజ్యములకే యుద్దేశించిన ఆ చట్టమును 2018లో సవరించి మూడు లక్షలకు దించిరి. ఆంధ్రప్రదేశమున విజయవాడ, విశాఖపట్నములలో ఇట్టి ప్రత్యేక న్యాయస్థానములు ఏర్పడినవి. అదే సవరణలో, తక్షణ రక్షణ కోరని వ్యాజ్యములలో ముందుగా రాజీ ప్రయత్నము జరుగవలెనని నియమించిరి. ఇది కేవల మర్యాదకు వ్రాసినదా, తప్పనిసరియా? తప్పనిసరియే, అట్లు చేయని వ్యాజ్యము మొదటనే తిరస్కరింపబడునని 2022 ఆగస్టు 17న పాటిల్ ఆటోమేషన్ వ్యాజ్యములో సుప్రీము కోర్టు తేల్చినది. దానితో న్యాయవాదులు ప్రతి వ్యాజ్యములోను "తక్షణ రక్షణ" అను మాటను అలంకారముగా చేర్పసాగిరి. యామినీ మనోహర్ వ్యాజ్యములో 2023 అక్టోబరు 13న ఆ మాట నిజమా, ముసుగా అని న్యాయమూర్తి పరిశీలింపవలెనని హెచ్చరించిరి.

2025 అక్టోబరులో వచ్చిన నోవెంకో తీర్పు పేటెంటుకును, ఈ రాజీ నియమమునకును ముడిపెట్టినది. పారిశ్రామిక పంకాలు చేయు ఒక విదేశీ సంస్థ, తన సరకు నమ్ముటకు ఇచ్చట నియమించుకొనిన వారితో సంబంధించినవారే తన పంకాలను పోలినవి చేయుచున్నారని హిమాచల ప్రదేశ ఉన్నత న్యాయస్థానములో వ్యాజ్యము వేసినది. సంగతి తెలిసిన కొన్ని నెలలకు గాని వ్యాజ్యము వేయలేదు గనుక తొందర యేమున్నదని, రాజీకి పోలేదను కారణముతో అక్కడ త్రోసివేసిరి. సుప్రీము కోర్టు దానిని మార్చినది. నకలు అమ్మకము దినదినము సాగుచున్నపుడు నష్టము కూడ దినదినము పెరుగుచుండును. ఆలస్యము జరిగినంత మాత్రమున తొందర లేదనరాదు. నకలు సరకువలన కొనుగోలుదారులు మోసపోవుట కూడ చూడవలసినదే యనిరి. పంకాల విషయమున చెప్పిన ఈ మాట, పేరును దొంగిలించి అమ్ము గరిటెల విషయమునను ఉదహరింపదగినది.

నిజము చెప్పవలెనన్న, ఉదయగిరి కళాకారుని బాకీ మూడు లక్షలు దాటుట అరుదు. అతని తగవు పెద్ద న్యాయస్థానపు గుమ్మము చూడక, మండలిలోనో, స్థానిక సివిలు కోర్టులోనో, లేదా చెల్లని చెక్కు వ్యాజ్యముగనో పరిణమించును. చెక్కు సంగతిలో దినముల లెక్క కఠినమైనది. చెక్కు తిరిగివచ్చినట్లు బ్యాంకు తెలిపిన 30 దినములలో వ్రాతపూర్వకముగా నోటీసు పంపవలెను. నోటీసు అందిన పిదప చెల్లించుటకు 15 దినములు. అప్పటికిని చెల్లింపకున్న, ఒక నెలలోపల ఫిర్యాదు దాఖలు చేయవలెను. "రేపు పంపెదను, ఎల్లుండి పంపెదను" అను ఫోనుమాటలు ఈ లెక్కను ఆపవు. అట్టి మాటలు నమ్మియే పలువురు గడువు దాటింతురు.

ఈ ఫిర్యాదు ఎచ్చట వేయవలెనన్నదానిపై పూర్వము చాల గందరగోళముండెడిది. 2015లో చట్టమును సవరించి, తన ఖాతాలో జమకు వేసిన చెక్కు విషయమున, డబ్బు రావలసినవాని ఖాతా యే బ్యాంకు శాఖలో నున్నదో ఆ శాఖ యే న్యాయస్థానపు పరిధిలోనిదో, అచ్చటనే విచారణ జరుగవలెనని నిర్ణయించిరి. కావున కళాకారిణి ఖాతా ఉదయగిరి శాఖలో నున్నచో, ఆమె చెన్నపట్నము పోనక్కరలేదు. వాయిదా నాడు ఆ వర్తకుడే నెల్లూరు దిగి, ఆత్మకూరు మీదుగా కొండల దారి పట్టవలసి యుండును.